గుమ్మం దాటాక గుర్తుండని షరతులు

నూజివీడు తోటల నుంచి ఐరోపాకు ప్రయాణమయ్యే మామిడి పండు అనేక పరీక్షలకు నిలవాలి. కాయలో పండు ఈగ పురుగు ఉండరాదు. పురుగుమందు అవశేషం నిర్ణీత పరిమితిని మించరాదు. వెళ్లే ప్రతి సరుకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం విడిగా ఉండాలి. 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య భారతదేశపు మామిడిని పూర్తిగా నిషేధించింది. సరుకులో పండు ఈగ కనిపించడమే అందుకు కారణం. మన ప్యాక్‌హౌస్‌లలో తనిఖీ పద్ధతులు మెరుగుపడిన తరువాత, 2015 ఆరంభంలో గాని ఆ నిషేధం తొలగలేదు. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. నిరుడు నెగ్గిన తోటకు ఈ ఏడు మినహాయింపు లేదు. నిన్నటి సరుకు మంచిదని నేటి సరుకును చూడకుండా వదలరు.

అదే ఐరోపా సమాఖ్య ఒక కొత్త దేశాన్ని తనలో చేర్చుకునేటప్పుడు కూడా షరతులు పెడుతుంది. ఆ షరతులలో మానవ హక్కులు ఉన్నాయి, అల్పసంఖ్యాకుల రక్షణ ఉంది. అయితే పండును ప్రతిసారీ పరీక్షించే ఆ సమాఖ్య, దేశాన్ని మాత్రం ప్రధానంగా ఒక్కసారే, గుమ్మం వద్దే, గట్టిగా పరీక్షిస్తుంది. లోపలికి వచ్చిన తరువాత ఆ షరతుల గతి ఏమిటన్నది మా ప్రశ్న.

ఎక్కడో ఐరోపాలోని దేశాలు ఏ సమాఖ్యలో చేరితే మనకేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. నూజివీడునే తీసుకుందాం. ఈ ఊరు ఎక్కడికీ కదలలేదు. కాని దాని మీది పాలనా కప్పు నాలుగు సార్లు మారింది. మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఊరు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో భాగమయింది. 2014 జూన్ 2న ఆ రాష్ట్రం రెండయింది. 2022 ఏప్రిల్ 4న ఈ ఊరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. మచిలీపట్నం వెళ్లవలసిన అర్జీ ఏలూరు దారి పట్టింది. కలిసినప్పుడూ విడిపోయినప్పుడూ పెద్దవారి మధ్య బేరాలు జరిగాయి, హామీలు పుట్టాయి. ఆ హామీలలో సంఖ్యలో చిన్నవారైన వర్గాలకు దక్కినది ఎంత, దక్కినది నిలిచినది ఎంత అన్న లెక్క తీయాలంటే, ఇలాంటి షరతులను అందరికంటే వివరంగా రాసుకున్న ఐరోపా అనుభవం మనకు ఒక గీటురాయిగా ఉపయోగపడుతుంది.

కోపెన్‌హాగెన్ షరతులు

1993 జూన్‌లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో సమావేశమైన ఐరోపా నాయకులు, తమలో చేరదలచిన దేశాలకు మూడు అర్హతలు నిర్ణయించారు. మొదటిది రాజకీయమైనది. ప్రజాస్వామ్యాన్నీ, చట్టబద్ధ పాలననూ, మానవ హక్కులనూ, అల్పసంఖ్యాకుల పట్ల గౌరవాన్నీ వారి రక్షణనూ హామీ ఇచ్చే స్థిరమైన వ్యవస్థలు ఆ దేశంలో ఉండాలి. రెండవది పోటీకి తట్టుకోగల మార్కెట్ వ్యవస్థ. మూడవది సభ్యత్వపు బాధ్యతలన్నిటినీ మోయగల శక్తి.

ఆ నాటికి బోస్నియాలో యుద్ధం సాగుతున్నది. మరో రెండేళ్లకు, 1995 జూలైలో, స్రెబ్రెనిత్సాలో 8,000 మందికి పైగా ముస్లిం పురుషులనూ బాలురనూ చంపివేశారు. సోవియట్ ఛత్రం కింద నుంచి బయటపడిన తూర్పు దేశాలలో ఎక్కడ ఏ అల్పసంఖ్యాక వర్గం మీద కత్తి లేస్తుందో తెలియని కాలమది. అల్పసంఖ్యాకుల రక్షణ అన్న మాట ఆ షరతులలో చోటుచేసుకున్నది ఆ భయం నడుమనే.

ఈ షరతులను వట్టి కాగితాలని కొట్టిపారేయడం న్యాయం కాదు. బల్గేరియాను చూడండి. 1984-85 చలికాలంలో అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం టర్కిష్ ముస్లింల పేర్లను బలవంతంగా మార్చింది. అహ్మద్‌లూ ఫాతిమాలూ ప్రభుత్వం ఇచ్చిన స్లావ్ పేర్లతో బతకవలసి వచ్చింది. 1989 వేసవిలో మూడు లక్షల మందికి పైగా ఇళ్లు వాకిళ్లు వదిలి టర్కీకి తరలిపోయారు. పాలన మారిన తరువాత 1990లో తమ పేర్లు తాము తిరిగి పొందే చట్టం వచ్చింది. 2007 జనవరి 1న ఐరోపా సమాఖ్యలో చేరేనాటికి ఆ వర్గం ప్రతినిధులు పార్లమెంటులోనూ ప్రభుత్వంలోనూ కనిపించారు. ఇదంతా బయటి షరతు వల్లనే జరిగిందని మేము అనము. ఆ ప్రజల పోరాటం మొదటిది. అయితే వెనక్కి వెళ్లే దారిని మూయడంలో సభ్యత్వపు ఆశ పనిచేసింది.

టర్కీ అనుభవమూ ఇటువంటిదే. 1987లో దరఖాస్తు చేసిన ఆ దేశం 1999లో అభ్యర్థి హోదా పొందింది. ఆ ఆశతో 2004 నాటికి మరణశిక్షను పూర్తిగా రద్దు చేసింది. అదే ఏడాది ప్రభుత్వ టెలివిజన్‌లో కుర్దు భాష వినబడింది. 2005 అక్టోబరు 3న చర్చలు మొదలయ్యాయి. ఆ తరువాత తలుపు నిజంగా తెరుచుకుంటుందన్న నమ్మకం రెండు వైపులా సడలింది. సంస్కరణల వేగమూ తగ్గింది. 2018లో చర్చలు ఆగిపోయినట్టేనని సమాఖ్యే ప్రకటించింది. ప్రవేశం మీద ఆశ ఉన్నంత కాలమే ఆ షరతుకు బలం ఉంటుందని టర్కీ ఉదంతం చెబుతున్నది.

బయానా ఇచ్చిన తరువాత

మామిడి పూత మీద తోటను గుత్తకు తీసుకునేవారికి ఒక సంగతి బాగా తెలుసు. బయానా చేతులు మారక ముందు ఉన్న బేరం బలం, మారిన తరువాత ఉండదు. నీరు ఎవరు పెట్టాలి, గాలివానకు రాలిన కాయ ఎవరిది అన్నది ముందే కాగితం మీద తేల్చుకోనివాడు మే నెలలో ఎవరికి చెప్పుకున్నా లాభం ఉండదు.

హంగరీ విషయంలో ఐరోపా ఎదుర్కొన్నది ఇదే. 2004 మే 1న మరి తొమ్మిది దేశాలతో కలిసి ఆ దేశం సమాఖ్యలో చేరింది. తరువాతి కాలంలో అక్కడి న్యాయవ్యవస్థ, పత్రికలు, పౌర సంఘాలు, శరణార్థుల విషయాలలో ప్రభుత్వ వైఖరి మీద తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. 2018 సెప్టెంబరులో ఐరోపా పార్లమెంటు సమాఖ్య ఒడంబడికలోని 7వ అధికరణాన్ని ప్రయోగించింది. తీవ్రమైన ఉల్లంఘన జరిగిందని తేలితే ఓటు హక్కును సైతం నిలిపివేయడానికి వీలు కల్పించే అధికరణం అది. అయితే ఉల్లంఘన జరిగిందని నిర్ధారించడానికి మిగిలిన సభ్య దేశాలన్నీ ఏకగ్రీవంగా అంగీకరించాలి. ఆ సమయంలో పోలండు మీద కూడా అదే అధికరణం కింద చర్య నడుస్తున్నది. ఒకరికి వ్యతిరేకంగా మరొకరు ఓటు వేయబోమని ఆ రెండు ప్రభుత్వాలు స్పష్టం చేశాయి. ఆ రోజుల్లో ఆ అధికరణం గోడ మీది తుపాకిలా మిగిలిపోయింది.

చివరికి సమాఖ్య వేరే దారి వెతుక్కున్నది. చట్టబద్ధ పాలనకు భంగం కలిగితే నిధులు ఆపవచ్చునన్న నిబంధన 2021 నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద 2022 డిసెంబరులో హంగరీకి రావలసిన 630 కోట్ల యూరోలను నిలిపివేశారు. నీతి వాక్యం చేయలేని పనిని నిధుల పద్దు కొంతవరకైనా చేసింది.

ఈ వ్యవస్థలో మరొక లోపం ఉంది. కొత్తగా వచ్చేవారిని అడిగిన ప్రశ్నలను పాత సభ్యులను ఎవరూ అదే పద్ధతిలో అడగలేదు. 2004 మార్చిలో ఫ్రాన్సు ప్రభుత్వ పాఠశాలలలో హిజాబ్ సహా ప్రస్ఫుటంగా కనిపించే మత చిహ్నాలను నిషేధించే చట్టం చేసింది. ఒక బాలిక తల మీది వస్త్రానికీ చదువుకూ మధ్య ఒకటి ఎంచుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. అప్పటికే లోపల ఉన్న సభ్య దేశం గనుక ఫ్రాన్సు ఏ ప్రవేశ పరీక్షకూ కూర్చోవలసిన అవసరం రాలేదు. అతిథికి ఒక నియమం, ఇంటివాడికి మరొక నియమం ఉన్నచోట షరతు తన నైతిక బలాన్ని పోగొట్టుకుంటుంది.

షరతులే లేనిచోట

లోపాలున్న షరతు కంటే షరతు లేకపోవడం మేలని దీనిని బట్టి అనుకోరాదు. 1997 జూలైలో మయన్మార్ ఆగ్నేయాసియా దేశాల కూటమి అయిన ఆసియాన్‌లో చేరింది. అప్పటికే అక్కడి 1982 పౌరసత్వ చట్టం రోహింగ్యా ముస్లింలను సొంత గడ్డ మీద పరాయివారిని చేసి పదిహేనేళ్లయింది. ప్రవేశానికి మానవ హక్కుల షరతు ఏదీ పెట్టలేదు. ఒకరి అంతర్గత వ్యవహారాలలో మరొకరు జోక్యం చేసుకోరాదన్నదే ఆ కూటమి మూల సూత్రం. 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2009లో ఆసియాన్ ఏర్పాటు చేసుకున్న మానవ హక్కుల కమిషన్‌కు బాధితుడి ఫిర్యాదు విని తీర్పు చెప్పే అధికారం లేదు. చివరకు ఎక్కడో పశ్చిమ ఆఫ్రికాలో ఉన్న గాంబియా అనే చిన్న దేశం 2019 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది. 2020 జనవరిలో ఆ న్యాయస్థానం రోహింగ్యాల రక్షణకు మధ్యంతర ఆదేశాలు ఇచ్చింది. ఇంత జరిగినా ఒక్క రోహింగ్యా తనంతట తాను ఆ న్యాయస్థానం మెట్లు ఎక్కలేడు. అక్కడ దేశాలకే ప్రవేశం.

మన దక్షిణాసియా కూటమి సార్క్ పరిస్థితి కూడా భిన్నమైనది కాదు. 1985 డిసెంబరులో ఢాకాలో ఆమోదించిన దాని నియమావళి ప్రకారం నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా జరగాలి; వివాదాస్పదమైన ద్వైపాక్షిక విషయాలు చర్చకే రాకూడదు. పాకిస్తాన్‌లో హిందువు, బంగ్లాదేశ్‌లో బౌద్ధుడు, భారతదేశంలో ముస్లిం, శ్రీలంకలో తమిళుడు తన కష్టాన్ని చెప్పుకోవడానికి ఈ ప్రాంతమంతటికీ ఉమ్మడిగా ఒక్క వేదిక లేదు. ఉండి ఉంటే అది అందరికీ ఉపయోగపడేది. ముస్లింలు అధికసంఖ్యాకులుగా ఉన్న దేశాలలోని అల్పసంఖ్యాకుల హక్కును కూడా మన హక్కు అంత గట్టిగా కోరడం మన ధర్మం. అలా కోరినప్పుడే మన మాటకు విలువ ఉంటుంది.

తెలుగు నేల మీది ఒప్పందాలు

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. షరతుల మీద కలవడం తెలుగువారికి కొత్త కాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక రాయలసీమకు కొన్ని హామీలు ఇచ్చింది. విశ్వవిద్యాలయ కేంద్రం, నదీ జలాలలో ప్రాధాన్యం, రాజధాని లేదా హైకోర్టు ఎంపిక వాటిలో ముఖ్యమైనవి. 1953లో రాజధాని కర్నూలుకు వచ్చింది. మూడేళ్లకే అది హైదరాబాదుకు తరలిపోయింది. శ్రీబాగ్ గురించి సీమవాసులు ఈనాటికీ అడుగుతూనే ఉన్నారు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మనకు మరింత దగ్గరి విషయం. ఫజల్ అలీ అధ్యక్షతన పనిచేసిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం తెలంగాణను అప్పటికి విడిగానే ఉంచాలని సూచించింది. 1961 నాటికి జరిగే ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితే కలపవచ్చునన్నది. ఆ సూచనను పక్కనపెట్టి, కలిపేందుకు షరతులు రాసుకున్నారు. అందులో మంత్రి పదవుల పంపకం 60, 40 శాతాలుగా ఉంది. ఆ 40 శాతంలో ఒకరు తెలంగాణకు చెందిన ముస్లిం అయి ఉండాలని ఉంది. పరిపాలనలోనూ న్యాయస్థానాలలోనూ ఉర్దూకు ఉన్న స్థానాన్ని ఐదేళ్లపాటు కొనసాగించాలని ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడు తెలుగు రావాలని పట్టుబట్టరాదనీ, చేరిన రెండేళ్లలో పరీక్ష నెగ్గితే చాలనీ ఉంది. ఆనాటి ముస్లిం ఉద్యోగి కుటుంబానికి ఇవి అన్నానికి సంబంధించిన మాటలు.

ఆ పత్రం మీద ఆంధ్ర తరఫున నలుగురు, తెలంగాణ తరఫున నలుగురు సంతకం చేశారు. బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు ఒక వైపు. బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు మరొక వైపు. ముస్లిం మంత్రి గురించీ ఉర్దూ గురించీ షరతు రాసిన ఆ ఎనిమిది మందిలో ముస్లిం ఒక్కరు కూడా లేరు. మన గురించి ఇతరులు మాట ఇచ్చుకున్నారు. మాట తప్పితే అడిగే హక్కు కూడా వారి దగ్గరే ఉండిపోయింది.

తరువాత జరిగినది చరిత్రలో ఉంది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి మరొక ప్రాంతం వారై ఉండాలన్నది షరతు. తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు. ప్రాంతీయ మండలి అనుకున్నది ప్రాంతీయ సంఘమై సలహాలకు పరిమితమయింది. ఉద్యోగాల షరతు న్యాయస్థానాల చుట్టూ తిరిగింది. 1969లో తెలంగాణ, 1972-73లో ఆంధ్ర అగ్నిగుండాలయ్యాయి. ప్రాంతాల పేరు మీద ఇంత పోరు నడిచినప్పుడు, అదే పత్రంలో ఉన్న ముస్లిం మంత్రి వాక్యాన్ని పట్టించుకునేవారు ఎవరు? అది ముఖ్యమంత్రుల ఇష్టానికి వదిలిన విషయమయింది.

ఆ ఇష్టం ఎలా ఉంటుందో ఇటీవలి కాలం చెబుతున్నది. 2014 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో 2018 నవంబరు వరకు ముస్లిం మంత్రి లేరు. 2023 డిసెంబరులో తెలంగాణలో ఏర్పడిన మంత్రివర్గంలో 2025 అక్టోబరు చివరి వరకు ముస్లిం మంత్రి లేరు. రెండు వేర్వేరు పార్టీలు, రెండు రాష్ట్రాలు. అనుభవం మాత్రం ఒక్కటే. ఒక మంత్రి పదవితో సమాజపు కష్టాలన్నీ తీరుతాయని మేము అనము. ఇచ్చిన మాటను నిలబెట్టే యంత్రాంగం లేనప్పుడు ఆ మాట ఎంత తేలికవుతుందో చూపడానికే ఈ సంగతి చెబుతున్నాము.

ఆంధ్రప్రదేశ్ ప్రజలందరికీ తెలిసిన మరో ఫిబ్రవరి 20 ఉంది. 2014లో ఆ రోజున ప్రత్యేక హోదా గురించి రాజ్యసభలో ప్రధాని హామీ ఇచ్చారు. విభజన చట్టంలో మాత్రం ఆ మాట చేరలేదు. ఆ తరువాత ఏ ప్రభుత్వం దానిని ఎలా చూసిందో మళ్లీ చెప్పనవసరం లేదు. ఐదు కోట్ల మంది కోసం నిండు సభలో చెప్పిన మాటకే ఆ గతి పట్టినప్పుడు, ఒక అల్పసంఖ్యాక వర్గానికి వేదికల మీద ఇచ్చే మాటలకు భరోసా ఎక్కడిది?

చట్టమైన మాట, చట్టం కాని మాట

ఒప్పందాలన్నీ ఒక్కలాగే విఫలం కాలేదు. పెద్దమనుషుల ఒప్పందం విఫలమైన తరువాత 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. అది నాయకుల మాటగా ఆగిపోలేదు. 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి అధికరణమయింది. దాని ఆధారంగా 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి. స్థానిక అభ్యర్థి అంటే ఎవరో అందులో నిర్వచించారు. ఉల్లంఘనలు ఆగలేదు, వాటిని సరిదిద్దడానికి 1985 డిసెంబరులో 610 నంబరు జీవో ఇవ్వవలసి వచ్చింది. అయినా అన్యాయం జరిగిన ఒక సాధారణ ఉద్యోగి ఫలానా నిబంధన తప్పారని చూపించి కేసు వేయగలిగాడు. 1956 పత్రానికీ దీనికీ ఉన్న తేడా అదే.

రాజ్యాంగ రచనలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 1947 ఆగస్టులో మైనారిటీలకు చట్టసభలలో రిజర్వుడు స్థానాలు ఉండాలని రాజ్యాంగ సభ సలహా సంఘం సిఫారసు చేసింది. 1948 ముసాయిదాలో ఆ మాట చేరింది. 1949 మే నెలలో దానిని తొలగించారు. మన నూజివీడు అప్పుడు ఉన్న మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన ముహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ ఆ తొలగింపును వ్యతిరేకించారు. బేగం ఐజాజ్ రసూల్ సమర్థించారు. ఎవరి వాదం సరైనదన్న చర్చ వేరు. ముసాయిదాలో ఉన్న హామీ ముసాయిదాతోనే పోయింది.

దానికి భిన్నంగా 30వ అధికరణం ప్రాథమిక హక్కుగా నిలిచింది. మైనారిటీలు తమ విద్యాసంస్థలను తామే స్థాపించుకుని నడుపుకునే హక్కు అది. 1958లో కేరళ విద్యా బిల్లు విషయంలో, 2002లో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ముందు అది పరీక్షకు నిలిచింది. 2024 నవంబరు 8న అలీగఢ్ విశ్వవిద్యాలయం విషయంలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1967 నాటి తీర్పులోని సూత్రాన్ని మెజారిటీతో తోసిపుచ్చింది. యాభై ఏడేళ్ల తరువాతనైనా ప్రశ్న తిరిగి తెరుచుకోవడానికి కారణం ఒకటే. ఆ హక్కు లిఖితమై ఉంది. దాని కోసం తట్టడానికి ఒక తలుపు ఉంది.

తలుపు ఉన్నంత మాత్రాన సరిపోదని బోస్నియా చెబుతున్నది. అక్కడి రాజ్యాంగం ప్రకారం అధ్యక్ష మండలికి బోస్నియాక్, సెర్బు, క్రొయేటు వర్గాలవారే పోటీ చేయవచ్చు. రోమా వర్గానికి చెందిన సేజ్దిచ్, యూదుడైన ఫించి అనే ఇద్దరు పౌరులు ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లి 2009 డిసెంబరులో గెలిచారు. ఆ న్యాయస్థానం ఐరోపా సమాఖ్యది కాదు. ఐరోపా మండలి అనే వేరొక సంస్థది. సామాన్య పౌరుడు తన దేశం మీద నేరుగా ఫిర్యాదు చేయగలగడం దాని గొప్పతనం. పదిహేనేళ్లు గడిచినా ఆ తీర్పు అమలు కాలేదు. అయినా 2022 డిసెంబరులో బోస్నియాకు సమాఖ్య అభ్యర్థి హోదా వచ్చింది. ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్న దేశంలోనే రోమాలకూ యూదులకూ జరిగిన ఈ అన్యాయాన్ని మనం గట్టిగా ప్రశ్నించాలి.

మన సంప్రదాయం చెప్పేది

ఈ ఆలోచనను ఐరోపా నుంచి అరువు తెచ్చుకోవలసిన అవసరం మనకు లేదు. ఇస్లాంకు ముందే మక్కాలో హిల్ఫుల్ ఫుజూల్ అనే ఒడంబడిక జరిగింది. యెమెన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడి సరుకు తీసుకుని మక్కా పెద్ద ఒకరు సొమ్ము ఎగవేశారు. దిక్కులేని ఆ పరదేశి కొండ మీద నిలబడి అందరికీ వినబడేలా మొరపెట్టుకున్నాడు. అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట కొన్ని తెగల పెద్దలు సమావేశమై, అన్యాయానికి గురైనవాడు మక్కావాసి అయినా పరదేశి అయినా అతని హక్కు అతనికి దక్కేవరకు అతని పక్షాన నిలబడతామని ప్రమాణం చేశారు. వర్తకుడి సొమ్ము ఇప్పించారు. యౌవనంలో ఆ సమావేశంలో పాల్గొన్న ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్), ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి ఒడంబడికకు పిలిస్తే వస్తానని చెప్పారు.

ఆ ఒడంబడిక రూపం గమనించదగినది. తెగల గౌరవం కాపాడుకోవడం కోసం అది పుట్టలేదు. ఒక మనిషి మొర విని, ఆ మొర తీరేవరకు నిలబడటం కోసం పుట్టింది. మాట నిలబెట్టుకోవడాన్ని విశ్వాసంలో భాగంగా భావించే సమాజానికి, ఇతరులు ఇచ్చిన మాటను గౌరవంగా గుర్తుచేసే బాధ్యత కూడా ఉంటుంది.

మేము కోరేది

మైనారిటీల హామీలు ప్రత్యేక సౌకర్యాలనీ, అవి సమైక్యతకు అడ్డమనీ కొందరు వాదిస్తారు. కలిసి ఉండడానికి పెద్ద వర్గాలు షరతులు రాసుకుంటే అది రాజనీతి అనిపించుకుంటుంది. చిన్న వర్గం అడిగితే వేర్పాటు అనిపించుకుంటుంది. శ్రీబాగ్ తప్పు కానప్పుడు, 371-డి తప్పు కానప్పుడు, ఉర్దూ గురించి అడగడం తప్పెలా అవుతుంది? షరతులు నెరవేరిన ఇంట్లోనే కలయిక గట్టిపడుతుంది.

కాబట్టి ఏ పార్టీ ఏ హామీ ఇచ్చినా మనం మూడు ప్రశ్నలు వేయాలి.

మొదటిది, ఆ హామీ చట్టంలో ఉందా, ఎప్పటిలోగా అమలవుతుందో అందులో ఉందా? ఎన్నికల ప్రణాళికలోని మాటను, సభలోని మాటను హక్కుగా లెక్కించరాదు.

రెండవది, అది తప్పితే బాధితుడు స్వయంగా ఎక్కడికి వెళ్లాలి? జాతీయ మైనారిటీల కమిషన్‌కు విచారణలో సాక్షులను పిలిపించే అధికారం ఉంది. చివరికి చేయగలిగింది సిఫారసు మాత్రమే. కమిషన్ల సిఫారసుకు నిర్ణీత గడువులో ప్రభుత్వం లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలన్న నియమం కావాలి. సమాన అవకాశాల కమిషన్ ఏర్పాటు చేయాలని 2006లో సచార్ కమిటీ సూచించింది. బాధితుడు తట్టదగిన తలుపుగా ఉద్దేశించిన ఆ కమిషన్‌ను చట్టం ద్వారా నెలకొల్పాలి.

మూడవది, ప్రతి ఏడూ దానిని ఎవరు తనిఖీ చేస్తారు? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేస్తూ చట్టాలు చేశాయి. ఇది మంచి పని. చేసినవారికి కృతజ్ఞతలు చెప్పవలసిందే. అయితే గత ఏడాది ఏ కార్యాలయానికి ఎన్ని ఉర్దూ అర్జీలు వచ్చాయి, ఎన్నింటికి ఉర్దూలో జవాబు వెళ్లింది, ఎన్ని ఉర్దూ ఉపాధ్యాయ పోస్టులు ఖాళీగా ఉన్నాయి అన్న వివరాలతో ఏటా ఒక నివేదికను శాసనసభ ముందు ఉంచాలి. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి చెప్పే 350-ఎ అధికరణం, భాషా మైనారిటీల రక్షణ కోసం ప్రత్యేక అధికారిని నియమించే 350-బి అధికరణం 1956 పునర్వ్యవస్థీకరణతో పాటే రాజ్యాంగంలోకి వచ్చాయి. ఆ అధికారి నివేదికలు పార్లమెంటు ముందుకు వెళతాయి. మన సంఘాలు వాటిని తెప్పించుకుని చదివి, మన మండలానికి సంబంధించిన ప్రశ్నలను ఎంపీల చేత అడిగించాలి.

ఈ పని రాజధానిలోనే మొదలు కావాలని లేదు. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలలోని మస్జిద్ కమిటీలు ఒక్కొక్కటి ఒక్కొక్క పుస్తకం తెరవవచ్చు. ఏ అర్జీ ఏ తేదీన ఏ కార్యాలయంలో ఇచ్చారో, రశీదు వచ్చిందో లేదో, జవాబు ఎప్పుడు వచ్చిందో అందులో రాయాలి. స్కాలర్‌షిప్ రాని విద్యార్థి, వక్ఫ్ భూమి మీద ఆక్రమణ, పింఛను ఆగిన వితంతువు, ఉర్దూ టీచరు లేని బడి వంటివన్నీ అందులోకి రావాలి. తెలుగే మాతృభాషగా ఉన్న దూదేకుల సోదరుల మొర కూడా, స్త్రీల మొర కూడా అదే గౌరవంతో అందులోకి ఎక్కాలి. తోట కాపలా కాసే పేదవాడి అర్జీకి తోట గుత్తదారు అర్జీతో సమానమైన వరుస ఉండాలి. ఏడాది చివర ఆ పుస్తకంలోని లెక్కలను ఎమ్మెల్యే ముందు, కలెక్టరు ముందు, పత్రికల ముందు పెట్టాలి. మండలానికి ఒక పుస్తకం చొప్పున తెరిస్తే, మరుసటి ఎన్నికలలో హామీలతో వచ్చేవారికి మనం చూపడానికి పాత హామీల లెక్క చేతిలో ఉంటుంది.

నియోజకవర్గాల పునర్విభజన గురించి, జిల్లాల హద్దుల గురించి దేశంలోనూ రాష్ట్రంలోనూ చర్చలు సాగుతూనే ఉంటాయి. మరోసారి కప్పు మారవచ్చు. మరోసారి హామీలు రావచ్చు. ఆ కాగితం మీద సంతకాలు జరిగేనాటికి మనవారు కూడా ఆ బల్ల దగ్గర కూర్చుని ఉండాలి. మన షరతు చట్టంలో ఉండాలి. మామిడి సరుకుకు ఉన్నట్టే దానికి కూడా ప్రతి ఏడూ తనిఖీ ఉండాలి. ఈ మూడింటి కోసం ఇప్పటి నుంచే సిద్ధం కావాలని పాఠక సోదర సోదరీమణులను మేము కోరుతున్నాము.